శుక్రవారం చూపించిన గది

నాగేంద్రప్రసాద్‌కు కువైట్‌లోని సబ్హాన్ గోదాముల్లో ఖలాస్ ప్రసాద్ అని పేరు. ఊరికే రాలేదు ఆ పేరు. సరుకు దించావా అంటే ఖలాస్, లారీ కడిగావా అంటే ఖలాస్. ఖలాస్ అంటే అయిపోయిందని అరబ్బులు అంటారు. ప్రసాద్ నోట్లో మాత్రం దానికి ఇంకా మొదలుపెట్టలేదని అర్థం. ఈ సంగతి గోదాము వాళ్ళకు తెలియడానికి ఆరు నెలలు పట్టింది. భార్య పుష్పలతకు పెళ్ళయిన మూడో రోజే తెలిసిపోయింది.

పుష్పలత రుమైథియాలో ఒక ఇంట్లో పని చేస్తూ అక్కడే ఉంటుంది. ప్రసాద్ పదకొండు మంది మగవాళ్ళున్న గదిలో, పై మంచం మీద ఉంటాడు. ఇద్దరూ ఒకే దేశంలో, ఒకే బస్సు దూరంలో ఉన్నా కాపురం మాత్రం శుక్రవారం సాయంత్రం మూడు గంటలు, పార్కు బెంచీ మీద. కువైట్ వచ్చి ఆరేళ్ళయినా ఆ గంటలన్నీ కుప్పపోస్తే నలభై రోజులు కూడా తేలవు. అందులోనూ సగం, బస్సు ఎందుకు లేటయిందన్న గొడవకే పోయాయి.

ఊర్లో ఉన్నప్పుడు పుష్పలత మొగుణ్ణి "మామా" అని పిలిచేది. ఇక్కడికొచ్చాక, ఇక్కడి వాడుక ప్రకారం, ఇంటి యజమానురాలిని మామా అనాల్సి వచ్చింది. ఒక్క నోటితో ఇద్దరు మామాలను మోయడం కష్టమని, జీతమిచ్చే మామాను ఉంచుకుంది. ప్రసాద్‌కు ఆ పదవి ఊడి, అప్పటినుంచి "ఇదో" అయ్యాడు.

ఈ జనవరిలో ప్రసాద్‌కు కొత్త పని దొరికింది. ఫహాహీల్ దాటాక సముద్రం పక్కన ఒక మిలిటరీ క్యాంపు ఉంది. అక్కడి సిపాయిల బట్టలు ఉతికే లాండ్రీలో పని. బయట గది తీసుకుని పెళ్ళాంతో ఉండొచ్చు. ఇస్త్రీ సెక్షన్లోకి ఆడవాళ్ళనూ తీసుకుంటున్నారు. పుష్పలత వేరే పనికి పోవచ్చని మామా దగ్గర రిలీజ్ కాగితం తీసుకుంటే చాలు, ఆరేళ్ళ తర్వాత ఇద్దరూ ఒకే కప్పు కింద నిద్ర లేవొచ్చు. ఆ ఆలోచనతో ప్రసాద్‌కు రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. నిద్ర ఆగినా నోరు మాత్రం ఆగలేదు.

"ఉండేదానికి ఏముంది ఆడ?" అని బెంచీ మీద అడిగింది పుష్పలత.

"గది. ఖలాస్."

"తినేదానికి?"

"అదీ ఖలాస్."

"ఒక పూట మనసుకు బాగుండేదానికి?"

"ఏకంగా సముద్రమే ఉండాది కదే. ఖలాస్."

"ఇన్ని ఖలాసులు ఒకేసారి వింటే నాకు భయమైతాది," అంది పుష్పలత. "వచ్చే శుక్రవారం నేనే వచ్చి చూస్తా. మూడూ ఉంటే రిలీజ్ అడుగుతా. ఒక్కటి లేకపోయినా శనివారం పొద్దున మామా కాగితం మీద ఇంకో రెండేండ్లకు సంతకం పెడతా."

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, లేని గదిని ఖలాస్ చేసి వచ్చిన ప్రసాద్ మర్నాడే వెతకడం మొదలుపెట్టాడు.

కిరాణా కొట్టు గోడ మీద గదుల కాగితాలు చాలానే అంటించి ఉన్నాయి. ఒకటి కేరళ కుటుంబాలకు మాత్రమే. ఒకటి గుడ్డు కూడా తిననివాళ్ళకు మాత్రమే. ఒకటి బ్యాచిలర్లకు మాత్రమే, పెళ్ళయిన బ్యాచిలర్లు కూడా రావచ్చు, పెళ్ళాలు రాకూడదు. సాయంత్రానికి ప్రసాద్ కాళ్ళు వాచి, క్యాంపు గోడ పక్కనే ఉన్న ఒక బిల్డింగు మెట్ల మీద కూలబడ్డాడు. ఆ బిల్డింగును చూసుకునే ముసలి హారిస్ వచ్చి, నాలుగో అంతస్తులో గది ఉందన్నాడు. పెద్ద కిటికీ, కుటుంబాలకే, అద్దె అందరూ చెప్పే దాంట్లో సగం. ఎందుకింత తక్కువని అడిగితే ఆకాశం వైపు చూసి, "నసీబ్," అన్నాడు.

తన నసీబ్ అంత మంచిదని ఆరేళ్ళుగా తెలియనందుకు ప్రసాద్ కొంచెం సిగ్గుపడి, ఆ రాత్రే చాప తెచ్చి పరిచాడు.

మర్నాడు ఆరింటికి మొదటి గుండు పేలింది. ఆయన చాప మీదనుంచి లేచాడో, చాపే ఆయన్ను లేపిందో తెలియదు కానీ, ఇద్దరూ తలుపు దగ్గర తేలారు. గోడ అవతల సిపాయిలు గురిచూసి కాల్చడం నేర్చుకునే మైదానం ఉంది. వారానికి ఆరు రోజులు, పొద్దున ఆరునుంచి పన్నెండుదాకా నేర్చుకుంటారు. అంతకాలంగా నేర్చుకుంటున్నా ఇంకా పూర్తిగా వచ్చినట్టు లేదు.

క్యాంపు వంటశాలలో పనిచేసే మహమ్మద్ గౌస్‌ది రాయచోటి. కొత్త ఊర్లో ప్రసాద్‌కు దొరికిన ఒకే ఒక్క స్నేహితుడు. ప్రసాద్ వెళ్ళి అతని ముందు తన గోడు వెళ్ళబోసుకున్నాడు.

"వదిన వచ్చేది ఏ వారమన్నా?" అన్నాడు గౌస్ ఉల్లిపాయలు తరుగుతూ.

"శుక్రవారం."

"శుక్రవారం కాల్పులుండవు. గది చూపించు, అన్నం పెట్టు, సముద్రం చూపించు, బస్సెక్కించు. రిలీజ్ తీసుకున్నాక గుండు పేలితే ఏం, గోడ కూలితే ఏం?"

ప్రసాద్‌కు ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది. పెళ్ళాన్ని మోసం చేస్తున్నానన్న బాధ కూడా కలిగింది కానీ, సంతోషం ముందు అది నిలవలేదు.

గురువారమంతా గది సర్దాడు. అంతకుముందున్నవాళ్ళు అల్మారాలో గిన్నెలన్నీ తీగతో కట్టి పోయారు. చూడడానికి బాగోలేదని ఆ తీగలన్నీ విప్పేశాడు. కిటికీ అద్దాలకు అడ్డదిడ్డంగా అంటించిన టేపులు గీకేశాడు. పైకప్పునుంచి తలుపుదాకా గోడ పగిలి ఉంది. దాని మీద ఒక క్యాలెండరు తగిలించాడు. పగులు క్యాలెండరుకన్నా పొడుగైంది. ఇంకో రెండు తగిలించాడు.

తిండి సంగతి గౌస్ చూసుకున్నాడు. శుక్రవారం తెల్లవారుజామునే తన ఇంట్లో రాగి సంగటి గెలికి, నాటుకోడి పులుసు పెట్టి, గిన్నెలు గుడ్డలో చుట్టి ఇచ్చి వెళ్ళాడు.

పుష్పలత ఆ రోజంతా సెలవు తీసుకుని పదకొండింటికే వచ్చింది. చెప్పులు విడిచి, గది మధ్యలో నిలబడి చుట్టూ ఒకసారి చూసింది.

"మూడు క్యాలెండర్లు ఎందుకు?"

"తేదీ మరిచిపోకుండా."

"మూడింట్లోనూ ఒకటే నెల కదా."

"అందుకే అస్సలు మరిచిపోను."

ఆమె అల్మారా దగ్గరికి వెళ్ళి, పలక అంచు మీద వేలు పెట్టి రాసి చూసింది. తర్వాత కిటికీ అద్దం కూడా అలాగే రాసి చూసింది. మెచ్చుకుంటోందని ప్రసాద్ అనుకున్నాడు.

కంచంలో సంగటి ముద్ద పెట్టి, మధ్యలో గుంట చేసి, పులుసు పోశాడు. పుష్పలత ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ఎవురు చేసినారు?"

గౌస్ అని చెబితే అయిపోయేది. కానీ మూడింటిలో తిండి తన లెక్కలో పడాలనుకున్నాడు ప్రసాద్.

"ఇంకెవురు చేస్తారు? నేనే."

"సంగటి నువ్వు గెలికినావా?"

"రోజూ గెలుకుతా. నువ్వొస్తే నీకూ పెడతా. నువ్వు లేసేలోపల కంచంలో ఉంటాది."

"రోజూనా?"

"దినామ్మూ," అన్నాడు ప్రసాద్. అబద్ధం ఎప్పుడూ ఒంటరిగా రాదు, బంధువులను వెంటబెట్టుకుని వస్తుంది.

అప్పుడు పేలింది మొదటిది. ఇది పొద్దుటిపూట చప్పుళ్ళ లాంటిది కాదు, వాటి తాత. నేల అదిరింది. అల్మారాలో గిన్నెలు ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి.

"ఏంది అది?"

"కింద ఎవురో తలుపేసినారు."

రెండోది పేలింది.

"ఇంకో తలుపు," అన్నాడు ప్రసాద్.

మూడోదానికి స్టీలు చెంబు దొర్లి కింద పడింది.

"గ్యాస్ బండలు దించుతాండారు."

"శుక్రవారమా?"

"గ్యాస్‌కు వారం వర్జ్యం ఏముందే?"

అయిదోదానికి మధ్య క్యాలెండరు ఊడిపడి, దాని వెనక పగులు బయటికి చూసింది. పుష్పలత కూడా దాన్ని చూసింది. ఎనిమిదోదానికి పై అరలోని గిన్నెలన్నీ వరసగా, తొందర లేకుండా దిగివచ్చాయి.

"పైన పిల్లోళ్ళు ఎగురుతాండారు," అన్నాడు ప్రసాద్.

"మనదే పై అంతస్తు కదా."

"మిద్దె మీద."

"పిల్లోళ్ళా, ఏనుగులా?"

"ఇక్కడి పిల్లోళ్ళు బాగా తింటారు."

పన్నెండోదానికి పైకప్పునుంచి అరచేయంత సున్నం పెళ్ళ రాలి సరిగ్గా పులుసు గిన్నెలో పడింది. ప్రసాద్ దాన్ని గరిటెతో తీసి, ఏమీ జరగనట్టు పక్కన పెట్టాడు. పుష్పలత తన కంచాన్ని ఒళ్ళోకి తీసుకుని, చేత్తో మూత పెట్టి, పెదాలు కదుపుతూ లెక్కపెడుతోంది. ఆమె భయపడడం లేదని, ఆ హడావుడిలో ఆయన గమనించలేదు.

ఇరవై ఒకటితో ఆగిపోయింది. ఆ వెంటనే ప్రసాద్ ఫోను మోగింది. దాని చెవి దగ్గర పెట్టుకునే భాగం చెడిపోయి చాలా రోజులైంది. ఏ మాటైనా స్పీకర్లోనే వినాలి.

"అన్నా, మరిచిపోయినా," అన్నాడు గౌస్, గది నిండా. "ఈ నెలాఖరు నేషనల్ డే పండగకు ఫిరంగులు ప్రాక్టీసు చేస్తాండారంట. ఖలాస్, ఇంక లేవు. రోజూ పేలేవి రేపు పొద్దున్నే కదా. నువ్వు నిమ్మళంగా వదినకు గది చూపించు."

ప్రసాద్ ఫోను పెట్టేశాడు. మూడు గంటల బెంచీ, పై మంచం, ఇంకో రెండేళ్ళు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. నిజంగానే ఏడుపొచ్చింది.

"పుష్పా," అన్నాడు. "అబద్ధమే చెప్పినా. నిజం చెప్తే నువ్వు రావని భయం. ఇంక ఆ బెంచీ మీద కూర్చోలేను నేను."

పుష్పలత మిగిలిన సంగటి తినేసి, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది.

"మంగళవారం మా మామాకు బతికున్న చేపలు కావాలన్నాది," అంది. "డ్రైవరు ఖాసిమన్న ఈ ఊరికే వస్తాండా అంటే నేనూ కార్లో వచ్చినా. నువ్వు ఫోన్లో చెప్పిన గుర్తులు పట్టుకోని, పదింటికి ఈ బిల్డింగు మెట్ల మీద నిలబడుకోని, నీ హారిస్‌తో మాట్లాడినా. గుండ్లు పేలతాంటే నాకు ఆయన మాట వినపడలే, ఆయనకు నా మాట వినపడలే. అయినా అంతా తెలిసింది."

"మంగళవారమే?"

"నేను మంగంపేట గనుల పక్కన పుట్టినదాన్ని. ఆడ పేలుడు పేలితేనే మధ్యాన్నం సంగటి టైమని లెక్క. గిన్నెలు యాడ కట్టాల్నో, అద్దానికి టేపు ఎందుకేస్తారో నాకు చెప్పాల్నా? నువ్వు విప్పేసిన తీగ గుర్తులు అల్మారా మీద అట్లనే ఉండాయి. తొమ్మిదేండ్ల నుంచి మా ఊరి అల్లుడివి. ఆ మాత్రం గుర్తు లేదు నీకు."

ప్రసాద్ ఊడిపడిన క్యాలెండరు తీసి చుట్టసాగాడు.

"ఆ దినమే, నువ్వు చెప్పిన గౌసన్న ఇల్లు అడుక్కోని పోయి, ఆయన భార్య షహర్‌బానును కలిసినా. వాళ్ళ ఫ్లాటులో ఒక గది ఖాళీ ఉండాది. కిటికీలోనుంచి సముద్రం కనపడతాది. వంటిల్లు అందరిదీ. మాట్లాడుకోని పోయినా. బుధవారం మామా దగ్గర రిలీజ్ కూడా తీసుకున్నా."

"రిలీజ్ తీసుకున్నావా?" అన్నాడు ప్రసాద్. అంత సంతోషం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక లేచి నిలబడ్డాడు. "మరి ఈ దినం ఎందుకొచ్చినావు?"

"నా కోసం నువ్వు ఒక గది ఊడ్చడం నేను ఎప్పుడూ చూడలే. చూసిపోదామని వచ్చినా," అంది పుష్పలత. ఆ మాట అంటూ ఆమె కూడా కొంచెం మొహం తిప్పుకుంది. తర్వాత తేరుకుని, "ఉండేదానికి షహర్‌బాను గది ఉండాది. తినేదానికి నీ సంగటి ఉండాది. పొద్దు పోయేదానికి నువ్వే ఉండావు," అంది.

సున్నం మరకలు కడుక్కుని ఇద్దరూ షహర్‌బాను ఇంటికి వెళ్ళారు. సంగటి అబద్ధమొక్కటీ బయటపడనందుకు ప్రసాద్ దారి పొడుగునా లోలోపల సంబరపడ్డాడు. ఆ ఇంట్లో మూడు కుటుంబాలకు ఒకటే వంటిల్లు. ఎవరు ఎప్పుడు పొయ్యి వాడుకోవాలో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించారు. షహర్‌బాను పెన్ను మూత తీసింది.

"పొద్దున అయిదు నుంచి ఆరు, నాగేంద్రప్రసాదన్న," అని చదువుతూ రాసింది. "రోజూ నువ్వే సంగటి గెలుకుతావని అక్క ఇప్పుడే చెప్పింది కదన్నా. మా ఆయనకు కూడా ఒక ముద్ద పెట్టు. పాపం, ఈ పొద్దు ఎవురి కోసమో మూడింటికే లేసి గెలికినాడు. చేతులు నొప్పంటాండాడు."

ఆమె మొహంలో నవ్వు లేదు. పుష్పలత మొహంలోనూ లేదు. తలుపు దగ్గర నిలబడ్డ గౌస్, చెప్పుల్లో ఏదో వెతుక్కోవడానికి వంగి, చాలాసేపు లేవలేదు.

ఒప్పుకుంటే గౌస్ ఇంట్లో గౌస్ ముందే అబద్ధాలకోరవుతాడు. ఒప్పుకోకపోతే ఇక రోజూ అయిదింటికే లేవాలి. ప్రసాద్ గొంతు సవరించుకుని, "అయిదింటికా? ఇంకా ముందే లేస్తా," అన్నాడు.

వారం తిరిగేసరికి సామాను చేరింది. మొదటిరోజు పొద్దున అయిదింటికి ప్రసాద్ పొయ్యి ముందు నిలబడి, గౌస్ చెప్పిన కొలతలన్నీ మరిచిపోయి, రెండు చేతులతో తెడ్డు పట్టుకుని గెలుకుతున్నాడు. పిండి ఒకపక్క ఉడికి, ఒకపక్క ఉడకక, గడ్డలు గడ్డలుగా తిరుగుతోంది. చెమట ముక్కు మీదుగా కారుతోంది.

అలికిడికి వెనక్కి చూశాడు. పుష్పలత నిద్ర మొహంతోనే వచ్చి, జుట్టు ముడి వేసుకుని, పీట వాల్చుకుని ఎదురుగా కూర్చుంది. పొద్దున లేచీ లేవగానే ఆమె మొహం చూసి ఆరేళ్ళయింది. తెడ్డు ఒక క్షణం ఆగింది.

"గడ్డ కడతాంది, ఆపొద్దు," అంది పుష్పలత.

"కొంచెం సాయం చెయ్యొచ్చు కదే."

"చెయ్యొచ్చు," అంది పుష్పలత, కదలకుండా.