సగం దించిన షట్టరు

ఆ రోజు పొద్దున వాచీలాయన వేసుకున్న పథకం నిజానికి చాలా చిన్నది. రెండు గంటలపాటు తనని ఎవరూ పలకరించకూడదు, అంతే. ఆ రెండు గంటల్లో నర్సమ్మగారి వాచీ బాగుచేసి ఆవిడ చేతిలో పెట్టాలి. ఇంతకంటే పెద్ద పెద్ద పథకాలు వేసి బోల్తా పడ్డవాళ్ళు కూడా ఇంతగా నష్టపోయి ఉండరు.

అతని దుకాణం వెడల్పు ఆరడుగులు. దాని ముందున్న బెంచీ పొడవు ఎనిమిదడుగులు. దుకాణానికి బెంచీ వేశారా, బెంచీకి దుకాణం కట్టారా అని కొత్తవాళ్ళకి అనుమానం వచ్చేది. పొద్దున ఎనిమిదిన్నరకల్లా రిటైరైన లెక్కల మాస్టారు వచ్చి ఒక కొసన కూర్చునేవారు. వెనకాలే బస్సు కండక్టరుగా చేసి రిటైరైన పెద్దమనిషి వచ్చి, అవతల ఎంత ఖాళీ ఉన్నా సరే "జరగండి జరగండి" అంటూ మధ్యలో కూలబడేవాడు. పెద్దాసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన నర్సమ్మగారిది రెండో కొస. మిగిలిన చోటు దారిన పోయేవాళ్ళది. ఎవరింట్లో పైపు పగిలినా, ఎవరి పిల్లకి ఉద్యోగం వచ్చినా ఇంటివాళ్ళకంటే ముందు బెంచీకి తెలిసేది. ఒక్కరోజు ఎవరైనా రాకపోతే మర్నాటిదాకా ఆగేవాళ్ళు కాదు, వెళ్ళి తలుపు కొట్టేవాళ్ళు.

ఇంత మంచి మనుషులతో వచ్చిన చిక్కల్లా ఒకటే. వాళ్ళ తగువులన్నింటికీ తీర్పరి వాచీలాయనే. కంటికి భూతద్దం తగిలించుకుని, ఊపిరి బిగబట్టి, చిమటాతో ఆవగింజంత చక్రాన్ని ఎత్తుతున్న సమయంలోనే కండక్టరు వెనక్కి తిరిగి "నువ్వే చెప్పు తమ్ముడూ!" అనేవాడు. పైగా బెంచీ వీపూ లోపలి పనిబల్లా ఒకే చెక్కకి బిగించి ఉండేవి. కండక్టరు నవ్వితే బల్ల మీద స్క్రూలు చోటు మారేవి. అతను రోజంతా నవ్వే మనిషి.

నర్సమ్మగారి వాచీ చేతికి పెట్టుకునేది కాదు, చీరకి పిన్నుతో తగిలించుకునేది. ఆ వాచీ చూసుకుంటూ ఆవిడ ఎన్ని వేల నాడులు లెక్కపెట్టిందో! నాలుగు నెలలుగా అది వాచీలాయన సొరుగులో పడి ఉంది. లోపల వెంట్రుకంత సన్నటి స్ప్రింగు చిక్కుపడింది. దాన్ని విప్పడానికి రెండు గంటలు చేయి వణకకూడదు, మనసు చెదరకూడదు. "బాబూ, నా వాచీ?" అని ఆవిడ అడగడం కూడా మానేసింది. అడక్కపోవడమే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

అందుకని ఆ రోజు ఏడున్నరకే వచ్చాడు. షట్టరు పూర్తిగా మూస్తే లోపల చీకటి. పూర్తిగా తెరిస్తే కండక్టరు. అందుకే సగానికి దించాడు. కింద నుంచి వచ్చే వెలుతురులో నేల మీద చిన్న పీట వేసుకుని, ఫోను నోరు నొక్కి, పనిలో కూర్చున్నాడు. ఇంకా తెరవలేదనుకుని వాళ్ళే పోతారులే అనుకున్నాడు.

ఇక్కడ అతను మరిచిపోయింది ఒకటుంది. ఆ వీధిలో షట్టరు పూర్తిగా మూసి ఉంటే సెలవు. సగం దించి ఉంటే ఆ దుకాణం వాళ్ళ ఇంట్లో ఎవరో పోయారని. పదకొండేళ్ళ కిందట ఆ వీధి మంగలి పోయినప్పుడు, పాపం ఇంటివాళ్ళని పదిమందీ పది ప్రశ్నలు వేసి విసిగించకుండా ఏదో ఒక గుర్తు ఉండాలని ఆ బెంచీ మీదే తీర్మానించారు. సగం షట్టరు అని సూచించింది సాక్షాత్తూ వాచీలాయనే.

ఎనిమిదిన్నరకి మాస్టారు వచ్చారు. షట్టరు చూసి అక్కడికక్కడే ఆగిపోయారు. వెనకాలే కండక్టరు "జర..." అని మొదలుపెట్టి నోరు మూసేసుకున్నాడు. తర్వాత జీవితంలో మొట్టమొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడాడు.

"ఎవరంటారు మాస్టారూ?"

"వాళ్ళ అక్కగారే అయ్యుంటుందయ్యా. పోయిన నెలే కదా ఆపరేషన్ అయింది?"

"అయ్యో. తల్లిలా పెంచింది కదండీ వాడిని!"

లోపల వాచీలాయనకి గుసగుసలు తప్ప మాటలు వినపడలేదు. 'వీళ్ళకి గుసగుసలాడటం కూడా వచ్చా!' అని ఆశ్చర్యపోయి, సంతోషించి, వాచీలో దుమ్ము పోవడానికి రబ్బరు బుడ్డితో గాలి కొట్టాడు. ఫుస్, ఫుస్, ఫుస్ మని చప్పుడైంది.

"ఏడుస్తున్నాడు" అన్నాడు కండక్టరు, తన కళ్ళు కూడా తుడుచుకుంటూ.

ఇంతలో నర్సమ్మగారు వచ్చింది. ఎంతమంది చావులు చూసినా ఇంకా గట్టిపడని మనిషి. "ఒంటరిగా వదిలేయకూడదండీ ఇలాంటప్పుడు" అని వంగి షట్టరు కింద నుంచి లోపలికి తొంగిచూసింది. సరిగ్గా అప్పుడే వాచీలాయన చిమటా నుంచి ఒక స్క్రూ జారి కింద పడింది. అతను రెండు మోకాళ్ళ మీద వంగి, చెంప నేలకి ఆనించి, కదలకుండా ఆ స్క్రూ కోసం వెతుకుతున్నాడు. నర్సమ్మగారు చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగింది.

"నేలకి తల ఆనించి పడున్నాడు. కాసేపు అలాగే ఏడవనివ్వండి. దుఃఖం బయటికి రావాలి."

ఆ మాట మీద వీధంతా కదిలింది. ఎదురుగా ఉన్న మందుల షాపాయన షట్టరు సగం దించాడు. ఆయన్ని చూసి చెప్పులు కుట్టేవాడు, వాడిని చూసి అద్దాల షాపువాడు దించారు. పది నిమిషాల్లో ఆ వీధిలో ఒక్క షట్టరూ సగానికి మించి తెరిచి లేదు. దారిన పోయేవాళ్ళు ఎవరో చాలా గొప్పవాళ్ళు పోయారనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డారు.

మాస్టారు లెక్క ప్రకారం ఇక తెలియవలసింది ఒక్కటే, ఎన్నింటికి తీసుకెళ్తారన్నది. బెంచీ మీద ఎవరి నంబరైనా ఎవరి దగ్గరైనా ఉంటుంది కాబట్టి కండక్టరు తన ఫోను తీసి అక్కగారింటికి కొట్టాడు. ఇంటివాళ్ళెవరో ఎత్తుతారనుకుంటే అక్కగారే ఎత్తింది.

కండక్టరుకి నోట మాట రాలేదు. వచ్చాక రావలసిన మాట రాలేదు.

"అక్కగారూ... మీరు బతికే ఉన్నారా?"

"ఏం మాటలండీ అవి పొద్దున్నే? బతక్కేం? ఏమైంది?"

"ఏం లేదండీ. షాపు సగం మూసుంది. అందుకని మీరేమో అని..."

ఆ వీధి పద్ధతి అక్కగారికీ తెలుసు. ఆవిడ గొంతు మారిపోయింది. "మా తమ్ముడేడీ?"

"లోపలేనండీ. నేల మీద పడున్నాడు. కదలట్లేదని నర్సమ్మగారు..."

వెక్కి వెక్కి ఏడ్చాడని చెప్పబోయాడు. అవతల ఫోను పెట్టేసిన చప్పుడైంది. కండక్టరు మిగిలినవాళ్ళ వైపు తిరిగి, "అక్కగారు కులాసాగానే ఉన్నారు" అన్నాడు. అయితే మరి పోయిందెవరు? అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాచీలాయన భార్య పోస్టాఫీసులో పనిచేస్తుంది. ఆవిడ వైపు వాళ్ళెవరో అయ్యుంటారని మాస్టారు తేల్చారు. నర్సమ్మగారు గబగబా పోస్టాఫీసుకి నడిచి, కిటికీలోంచి ఆవిడ చేయి పట్టుకుని, "ధైర్యంగా ఉండమ్మా" అంది. ఎందుకుండాలో చెప్పలేదు. పాపం ఆ తల్లి స్టాంపులు అలాగే వదిలేసి బయల్దేరింది.

పదింబావుకి స్ప్రింగు చిక్కు వీడింది. చక్రం ఒక్కసారి ఊగి, ఆగి, మళ్ళీ ఊగి, ఆ తర్వాత ఆగలేదు. నాలుగు నెలల తర్వాత వాచీ టిక్కు టిక్కుమంది. వాచీలాయనకి పట్టరాని ఆనందం కలిగింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని, ముందుగా ఎవరికి చూపించాలా అనుకుంటూ, నవ్వు మొహంతో షట్టరు కింద నుంచి దూరి బయటికి వచ్చాడు.

బయట నలభై మంది తలలు వంచుకుని నిలబడి ఉన్నారు.

అతను ఏమీ అనేలోపే కండక్టరు వచ్చి కావలించుకున్నాడు. "బాధపడకు తమ్ముడూ. మేమంతా లేమూ?" అంటూ భోరుమన్నాడు. వాచీలాయన అతని భుజం మీదుగా వీధి చివరి దాకా చూశాడు. సగం దించిన షట్టర్లన్నీ కనిపించాయి. పదకొండేళ్ళ కిందటి తీర్మానం అప్పుడు గుర్తొచ్చింది.

నిజం చెప్పడానికి అదే మంచి సమయం. రెండు ముక్కల్లో పోయేది. కానీ తనని పట్టుకుని ఏడుస్తున్న మనిషితో, 'నువ్వు రాకుండా ఉండాలనే మూశాను' అని ఎలా అంటాడు? నవ్వు మాయమై మొహం దానంతటదే వాడిపోయింది.

"ఎప్పుడయ్యా?" అన్నారు మాస్టారు.

"తెల్లవారుజామున" అన్నాడు వాచీలాయన. ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో అతనికి ఇప్పటికీ తెలియదు.

అప్పుడే భార్య పరుగెత్తుకుంటూ వచ్చింది. "ఏమండీ, ఎవరండీ? మా అమ్మా? మా నాన్నా? చెప్పరేమండీ?" అని చొక్కా పట్టుకుని ఊపేసింది. అతను నోరు తెరిచేలోపు కారొకటి వచ్చి ఆగింది. అందులోంచి అక్కగారు, ఒక చేత్తో కుట్లు పడిన కడుపు పట్టుకుని, ఇంకో చేత్తో భర్తని పట్టుకుని దిగింది. "ఒరేయ్ తమ్ముడూ! నన్ను వదిలేసి పోయావుట్రా!" అంటూ రెండడుగులు వేసి, ఎదురుగా నిలబడ్డ తమ్ముణ్ణి చూసి ఆగిపోయింది.

చేతిలో వాచీ టిక్కుటిక్కుమనడం వాచీలాయనకి స్పష్టంగా వినబడింది.

"అక్కగారున్నారు. తమ్ముడున్నాడు. మరి పోయిందెవరు?" అన్నాడు కండక్టరు.

"ఎవరూ పోలేదు" అన్నాడు వాచీలాయన. తల ఎత్తకుండా చెప్పాడు. "నర్సమ్మగారి వాచీ బాగుచేద్దామని. ఒక రెండు గంటలు... ఎవరూ పలకరించకుండా ఉంటే బాగుండుననిపించింది."

తిడతారనుకున్నాడు. తిట్టినా బాగుండేది. అక్కగారు మాత్రం "నీ మొహం మండ" అని, కారెక్కే ముందు అతని చెంప ఒకసారి నిమిరి వెళ్ళింది. భార్య కళ్ళు తుడుచుకుని, ఇంటికి రండి చెప్తాను అన్నట్టు ఒక చూపు చూసి పోస్టాఫీసు దారి పట్టింది. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళి షట్టర్లు ఎత్తుకున్నారు. ఆ చప్పుడు వీధి ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళింది.

నర్సమ్మగారు వాచీ చెవి దగ్గర పెట్టుకుని విన్నది. "చక్కగా నడుస్తోంది బాబూ" అంది, చాలా మర్యాదగా.

"అడిగితే మేమే ఇచ్చేవాళ్ళం కదయ్యా రెండు గంటలు" అన్నారు మాస్టారు.

కండక్టరు ఏమీ అనలేదు. అతను ఏమీ అనకపోవడం ఆ వీధిలో ఎవరూ ఎరగరు. వాచీలాయనకి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు ఎనిమిదిన్నరకి ముగ్గురూ వచ్చారు. వచ్చి ఎదురుగా ఉన్న మందుల షాపు మెట్ల మీద కూర్చున్నారు. వాచీలాయన బెంచీ తుడిచాడు. మరోసారి తుడిచాడు. చివరికి రోడ్డు దాటి వెళ్ళి, "అదేంటండీ ఇక్కడ కూర్చున్నారు? రండి" అని బతిమాలాడు.

"వద్దులే తమ్ముడూ" అన్నాడు కండక్టరు. కోపంగా కాదు, ఎంతో ప్రేమగా అన్నాడు. "నీది సున్నితమైన పని. మాకే తట్టలేదు ఇన్నాళ్ళూ. వెళ్ళు, పని చూసుకో."

అతను చెప్పిచూశాడు. తనకేమీ ఇబ్బంది లేదన్నాడు. మాట్లాడుకుంటుంటేనే చేతులు ఆడతాయన్నాడు. అదీ అబద్ధమేనని వాళ్ళు అనుకున్నారు. ఒకసారి అబద్ధమాడిన మనిషి మాట కదా, వాళ్ళనీ తప్పు పట్టలేం. పైగా అతను కనబడితే చాలు, ముగ్గురూ గొంతులు తగ్గించేవారు.

ఆ వారంలో వాచీలాయన సొరుగులో ఏళ్ళ తరబడి పేరుకున్న పనంతా పూర్తయింది. ఆ తర్వాత చిమటా పట్టుకుని ఊరికే కూర్చునేవాడు. రోడ్డు అవతల కండక్టరు ఏదో అని నవ్వేవాడు. ఏమన్నాడో ఇక్కడికి వినబడేది కాదు. బల్ల మీద స్క్రూలు ఉన్నచోటే ఉండేవి.

పదకొండో రోజు మధ్యాహ్నం మందుల షాపాయన అటూ ఇటూ చూసి, రోడ్డు దాటి వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. ఒక చీటీలో మందుకి బదులు ఇంకో మందు ఇవ్వబోయి ఆఖరి నిమిషంలో ఆగాడట.

"ప్రతి రెండు నిమిషాలకీ 'నువ్వే చెప్పు' అంటాడండీ ఆ కండక్టరు!" అన్నాడు గొంతు తగ్గించి. "మెట్లెక్కి కస్టమరు లోపలికి రావడానికి దారి లేదు."

"నా దగ్గరికి పంపించండి" అన్నాడు వాచీలాయన ఆత్రంగా.

"చెప్పి చూశానండీ. 'ఆయన్ని ఇబ్బంది పెట్టం' అంటున్నారు. అసలు మీరు వాళ్ళని ఎలా వదిలించుకున్నారో, ఆ కిటుకేదో కాస్త చెప్దురూ. మొదటి నుంచీ చెప్పండి."

వాచీలాయన ఒక్క క్షణం అతని మొహంలోకి చూశాడు. కిటుకు చెప్పకూడదనుకున్నాడు. కానీ వచ్చిన మనిషి అప్పటికే బెంచీ మీద కూర్చున్నాడు. అందుకని అతనూ పక్కన కూర్చుని మొదలుపెట్టాడు. షట్టరు దించిన దగ్గర్నుంచి కాదు, నర్సమ్మగారు వాచీ తెచ్చి ఇచ్చిన రోజు నుంచి. ఏ ముక్కా వదలకుండా, అవసరం లేనివి కూడా కలుపుతూ చెప్పాడు.

ఎంత నెమ్మదిగా చెప్పినా పావుగంటలో అయిపోయింది.