మంత్రిగారి రెండో భాగం

ప్రజల చిరకాల వాంఛ ఎట్టకేలకు నెరవేరబోతున్నదని మంచినీటి శాఖ మంత్రిగారు పత్రికలవాళ్ళను పిలిచి ప్రకటించారు. వాంఛ అనగానే ముందు వరసలో కూర్చున్న విలేకరి ఒకాయన కొత్త పైపులైను కాబోలనుకుని కలం తీశాడు. కాదు. మంత్రిగారు నటించిన యాక్షన్ సినిమాకి రెండో భాగం. దానికి తగిన దర్శకుణ్ణి వెతకడానికి ఉన్నతస్థాయి కమిటీని వేస్తున్నామనీ, ఎంపిక పూర్తిగా పారదర్శకంగా జరుగుతుందనీ, బంధుప్రీతికి తావే లేదనీ ఆయన సెలవిచ్చారు. పక్కనే కూర్చున్న నిర్మాతగారు, అంటే మంత్రిగారి బావమరిది, అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు.

మొదటి భాగం చూడని దురదృష్టవంతులు ఎవరైనా ఉంటే వాళ్ళకోసం రెండు ముక్కలు. అందులో మంచినీటి మంత్రి పరమ దుర్మార్గుడు. ఊరి నీళ్ళన్నీ మింగి కూర్చుంటాడు. మామూలు మనిషైన హీరో అతణ్ణి వాటర్ ట్యాంకు మెట్ల మీద పైనుంచి కిందికీ, మళ్ళీ కిందినుంచి పైకీ తన్ని, ఆఖరికి వీధివీధికీ నీళ్ళు తెప్పిస్తాడు. జనం ఈలలు వేశారు. ఆ ఈలలు చల్లారకముందే ఎన్నికలొచ్చాయి. హీరోగారు నిలబడ్డారు, గెలిచారు, అదే శాఖ కావాలని అడిగి మరీ తీసుకున్నారు.

ఆ సినిమాలో తన్నులు తిన్న మంత్రిని నేనే.

అప్పటినుంచి నాకు వేషాల్లేవు. ఇందులో ఎవరి తప్పూ లేదు. నాది మంత్రి ముఖం. గడ్డం కింద ఇంకో గడ్డం, నవ్వితే పళ్ళు మాత్రమే నవ్వడం, ఇవన్నీ నాకు పుట్టుకతో వచ్చాయి. వాటితోనే ఇన్నేళ్ళూ దుర్మార్గపు మంత్రుల వేషాలు వేసి ఇల్లు నడిపాను. ఆయన మంత్రయ్యాక సినిమాల్లో మంత్రులు దుర్మార్గులు కావడం ఒక్కసారిగా ఆగిపోయింది. ఇది సమాజానికి ఎంత మేలో నాకు తెలుసు. మా ఇంట్లో పొయ్యికే తెలియదు.

కూరగాయల దుకాణామె మాత్రం నన్ను మర్చిపోలేదు. "మా నీళ్ళన్నీ మింగినోడివి, నీకు టమాటాలు కూడా కావాలా?" అంటుంది. వాళ్ళ కుళాయి ఇప్పటికీ రావడం లేదు. అందుకు నన్ను తిడుతుంది. మంత్రిగారి కారు అటుగా వెళితే మాత్రం లేచి దణ్ణం పెడుతుంది.

అందుకే కమిటీలో కళాకారుల తరఫున సభ్యుడిగా నన్ను వేశారని కబురు రాగానే మా ఆవిడ ముఖం వెలిగింది.

"విలన్ లేకుండా యాక్షన్ సినిమా ఉండదు కదండీ?"

"ఎలా ఉంటుంది?"

"విలన్ అంటే మీరే కదండీ?"

"ఇంకెవరు!"

బీరువాలోంచి నా మంత్రి వేషపు తెల్ల చొక్కా తీసి, పొట్ట దగ్గర గుండీ గట్టిచేసి, ఇస్త్రీకి ఇచ్చి వచ్చింది.

కమిటీకి శాఖ కార్యదర్శిగారు అధ్యక్షులు. బావమరిదిగారూ నేనూ సభ్యులం. మంత్రిగారు కేవలం పరిశీలకులు, అందుకని పెద్ద కుర్చీలో కూర్చున్నారు. పైపుల మరమ్మతుల మీద వేసిన కమిటీ ఇంతవరకూ ఒక్కసారి కూడా కలవలేదట. ఈ కమిటీ మాత్రం రోజూ కలిసింది. గది చల్లగా ఉండేది. ప్రతి కుర్చీ ముందూ ఒక నీళ్ళ సీసా, అది సగం కాకముందే ఇంకో సీసా. కిటికీలోంచి చూస్తే కింద గేటు దగ్గర అర్జీలు పట్టుకున్న జనం కనిపించేవారు. ఎండ మా కళ్ళలో పడకుండా తెర వేసేవాళ్ళం.

మొదట వచ్చినవాడు మొదటి భాగం తీసిన దర్శకుడే. ధీమాగా వచ్చి కూర్చున్నాడు.

"విలన్ ఎవరు?" అని కార్యదర్శిగారు అడిగారు.

"అదేంటి సార్, మంచినీటి మంత్రే. సీక్వెల్ కదా."

కార్యదర్శిగారు పెద్ద కుర్చీ వైపు చూశారు.

"పాత మంత్రా, కొత్త మంత్రా?" అన్నారు బావమరిదిగారు.

"పాతవాడు మొదటి భాగంలోనే అయిపోయాడు కదా సార్. కాబట్టి..."

దర్శకుడికి అనుభవం మరీ ఎక్కువైపోయిందని కమిటీ అభిప్రాయపడింది. మంత్రి అనేవాడు విలన్ కాకూడదని తీర్మానం పెట్టారు. ఏకగ్రీవం. నేనూ చెయ్యెత్తాను. ఎత్తుతుంటే నా కడుపు మీద నేనే కొట్టుకుంటున్నట్టు అనిపించింది గానీ, అందరూ ఎత్తాక ఒక్కడు దించుకుని కూర్చుంటే బాగుండదు కదా.

రెండో దర్శకుడు కార్లను గాల్లోకి లేపడంలో దిట్ట. అతని కథలో విలన్ ఒక పెద్దాఫీసరు. నీళ్ళ ఫైళ్ళన్నీ తొక్కిపెట్టి పైశాచికంగా నవ్వుతుంటాడు. కార్యదర్శిగారు సీసా అంతా తాగి మూత పెట్టారు.

"తొక్కిపెట్టడం అనరు బాబూ. పరిశీలనలో ఉంచడం అంటారు. అయినా ఆఫీసరు నవ్వడమేమిటి? సహజంగా లేదు."

ఆఫీసరు పోయాడు. మూడో దర్శకుడు నీళ్ళు లేని పైపులు వేసే కాంట్రాక్టరును తెచ్చాడు.

"ఈ ఊళ్ళో పైపులు వేసింది ఎవరనుకున్నావ్?" అన్నారు బావమరిదిగారు.

"ఎవరు సార్?"

"బయట కాంట్రాక్టరని నా పేరున్న బోర్డు చదవకుండానే లోపలికొచ్చావా?"

కాంట్రాక్టరూ పోయాడు. నాలుగో ఆయన తెలివైనవాడు. విలన్ మన దేశంవాడే కాడన్నాడు. దానికి మాత్రం మంత్రిగారే అడ్డొచ్చారు.

"నీటి పథకాల అధ్యయనానికి ఎన్ని దేశాలు తిరిగాననుకున్నారు! ఒక్కచోట కూడా చెడ్డవాళ్ళు తగల్లేదు. అందరూ భోజనం పెట్టి పంపించారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టమంటారా?"

అయిదో దర్శకుడు మనుషుల జోలికే వెళ్ళలేదు. పెద్ద మొసలిని పెట్టాడు. అందరికీ నచ్చింది. మంత్రిగారు మొసలి దవడలు చీల్చే భంగిమ కూడా పెట్టి చూపించారు. అంతలో కార్యదర్శిగారికి సందేహం వచ్చింది. మొసలి ఉండాలంటే నీళ్ళుండాలి. ఆ నీళ్ళు ఊరికెందుకు ఇవ్వలేదని ప్రతిపక్షం అడిగితే? మొసలి కూడా పోయింది.

ఉండబట్టలేక నోరు విప్పాను.

"అయ్యా, పోనీ మామూలు వీధి రౌడీ అయితే? ఆ వేషం కూడా నేను..."

"మన యువజన విభాగం వాళ్ళు నొచ్చుకోరూ?" అన్నారు బావమరిదిగారు. నిజమే, నేను అంత దూరం ఆలోచించలేదు.

ఈ విధంగా కమిటీ దేశంలో చెడ్డవాళ్ళెవరూ లేరని తేల్చింది. ఇంత మంచి కబురు విని కూడా ఎవరికీ సంతోషం కలగలేదు. ఎన్నికలు తరుముకొస్తున్నాయి, హీరో ఎవరినో ఒకరిని కొట్టాలి.

"గాలిని కొడితే?" అన్నారు కార్యదర్శిగారు.

"యోగాసనాల సినిమా అనుకుంటారు బావా," అన్నారు బావమరిదిగారు మంత్రిగారితో.

అప్పుడు వచ్చాడు ఆఖరి దర్శకుడు. సబ్బుల ప్రకటనలు తీసే సన్నపాటి కుర్రవాడు. చొక్కా చెమటకి తడిసి ముద్దయింది.

"ఆలస్యమైంది, క్షమించాలి. కింద పెద్ద క్యూ ఉంటే దర్శకులదేమో అనుకుని పొద్దుట్నుంచీ నిలబడ్డాను. తీరా చూస్తే అర్జీలవాళ్ళు."

"విలన్ ఎవరు?" అన్నారు కార్యదర్శిగారు నీరసంగా.

"నేను చెప్పను సార్. మంత్రిగారే చెప్పాలి. సార్, మిమ్మల్ని ప్రశాంతంగా ఉండనివ్వనిది ఎవరు?"

మంత్రిగారు తెర పక్కకి జరిపి కిందికి చూపించారు.

"ఇంకెవరు, వాళ్ళే! తెల్లారితే చాలు. మొహం కడుక్కోనివ్వరు, కాఫీ తాగనివ్వరు. నీళ్ళు, నీళ్ళు, నీళ్ళు! పీక్కు తింటున్నారనుకో."

"మరి అంతమంది విలన్లు గేటు దగ్గర నిలబడి ఉంటే, గదిలో కూర్చుని వెతుకుతారేంటి సార్?"

కార్యదర్శిగారు లేచి వెళ్ళి అతని చెయ్యి పట్టుకున్నారు. ఇన్నేళ్ళ సర్వీసులో తనకి ఈ కోణం తట్టనే లేదన్నారు. అది ఆయన వినయం. మంత్రిగారు దర్శకుణ్ణి కౌగిలించుకుని, చొక్కా తడి అంటగానే వదిలేశారు. ఎంపిక ఏకగ్రీవం.

చెయ్యి దించకుండానే అడిగాను. "బాబూ, ఆ క్యూకి నాయకుడొకడు ఉంటాడు కదా. ఆ వేషం..."

అతను నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "మీది మంత్రి ముఖమండీ. క్యూలో నిలబెడితే ఎవరు నమ్ముతారు?"

విలన్‌ని క్యూలోంచే తెచ్చారు. సన్నగా పొడుగ్గా ఉన్న ముసలామె, చంకలో ఖాళీ బిందె. బిందెతో ఎందుకొచ్చావంటే, ఇంత పెద్ద నీళ్ళాఫీసు, ఎక్కడైనా కుళాయి ఉండకపోతుందా అనుకుందట. గదిలోకి రాగానే నన్ను చూసి, "వీడే కదూ మా నీళ్ళు మింగిన సచ్చినోడు!" అంది. తర్వాత మంత్రిగారి వైపు తిరిగి అందుకుంది.

"ఏం నాయనా, సినిమాలో అంత తొందరగా తెచ్చావు, ఇప్పుడేమొచ్చింది నీకు? చేతులకి గాజులేసుకున్నావా? మా వీధి కుళాయిలో పిచ్చుక గూడు కట్టింది, పిల్లల్ని కూడా పెట్టింది. అవి ఎగిరిపోయేలోపైనా నీళ్ళిస్తావా?"

"అద్భుతం!" అని దర్శకుడు గెంతేశాడు. "ఇంత క్రూరమైన విలన్‌ని నేనెక్కడా చూడలేదు!"

విషయం విడమరిచి చెబితే ఆమె అంతా విని ఒక్కటే అడిగింది. "నన్ను కొడితే నీళ్ళొస్తాయా?"

"వస్తాయి బామ్మా," అన్నాడు దర్శకుడు. "ఒక చేత్తో సార్ కుళాయి తిప్పుతారు, ఇంకో చేత్తో కొడతారు. దెబ్బదెబ్బకీ నీళ్ళు చింది మెరవాలి. గోడ వెనక ట్యాంకర్లు పెట్టిస్తున్నాను."

అయితే సరేనంది. కానీ ముసలి ప్రాణం, ఏమన్నా అయితే పత్రికలవాళ్ళు ఊరుకోరని కార్యదర్శిగారు డూప్ ఉండాలన్నారు. పొడవు కొలిచి చూస్తే నాకూ ఆమెకూ సరిపోయింది. లావు సంగతి లాంగ్ షాట్‌లో తెలియదన్నారు. అలా విలన్ వేషం పోయినా విలన్ చీర నాకే దక్కింది. మా ఆవిడే కుచ్చిళ్ళు పెట్టింది. పిన్నీసు మాత్రం కొంచెం లోతుగా గుచ్చింది.

షూటింగ్ ఆమె వీధిలోనే. మొదలుపెట్టే ముందు దర్శకుడు నన్ను పక్కకి పిలిచాడు.

"మంత్రిగారి ఒక్క దెబ్బకే మీరు పడిపోవాలి. రెండో దెబ్బ అవసరమైతే ఆయన పరువు పోతుంది. మీరు పడగానే కట్, ట్యాంకరు పంపు ఆపేస్తారు. సరిగ్గా పడ్డారా, సినిమా అంతా డూప్ మీరే. పడలేదా, వేరేవాణ్ణి చూసుకుంటాను."

పడడం ఒకరు నాకు నేర్పాలా? మంత్రిగారు కుళాయి తిప్పారు. పిచ్చుకలు ఎగిరిపోయాయి, నీళ్ళు దూకాయి. వీధి వీధంతా కొయ్యబారిపోయి చూసింది. మంత్రిగారు కొట్టారు. ఆయన దెబ్బ ఉత్తుత్తిది కాదు. నేను పద్ధతిగా పడ్డాను. కట్ అన్నారు, కుళాయి ఆగిపోయింది. అప్పటికి ఎవరో పిల్ల చెంబు మాత్రం తీసుకుని పరిగెత్తుకొచ్చింది, అదీ అడుగు తడిసిందంతే.

"బ్రహ్మాండంగా వచ్చింది," అన్నాడు దర్శకుడు. "ఎందుకైనా మంచిది, ఇంకొక్కసారి తీసి సర్దేద్దాం."

ఇంకొక్కసారి అన్న మాట వీధి చివరిదాకా పాకింది. నేను లేచి చీర దులుపుకునేలోపు ప్రతి గడపలోంచీ బిందెలు, బక్కెట్లు, గిన్నెలు, పిల్లల స్నానాల తొట్లు కూడా బయటికొచ్చాయి. కుళాయి తిప్పగానే అంతా ఎగబడ్డారు. దర్శకుడు వారించబోయి, సహజంగా ఉందని ఊరుకున్నాడు. అందరికంటే ముందు నా కాళ్ళ దగ్గర అసలు విలన్ కూర్చుని బిందె పట్టింది.

"కొట్టండి సార్!" అని అరిచింది వీధి. "ఇంకా కొట్టండి! ఆపకండి!"

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. "చూశారా," అన్నారు కార్యదర్శిగారితో. "నీళ్ళివ్వకపోయినా నేనంటే ఎంత ప్రాణమో!"

దెబ్బ వచ్చి నా దవడ మీద పడింది. పడడానికి మోకాలు వంచాను. అప్పుడు కిందినుంచి ఆమె నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని గుంజింది.

"పడకు నాయనా, కాస్త ఓర్చుకో. బిందె సగమే అయింది. నా వెనక ఇంకా చాలామంది ఉన్నారు."

దర్శకుడు నావైపు చెయ్యి ఊపుతున్నాడు, పడు, పడు అని. మంత్రిగారు ఆనందబాష్పాలు తుడుచుకుని మళ్ళీ చెయ్యెత్తారు. నేను చెంగు నడుముకి బిగించి నిలబడ్డాను.