తెలియదని ధ్రువపత్రం

మనిషి పుట్టుకకు పరమార్థం ఏమిటన్న సందేహం నాకు ఏనాడూ రాలేదు. అది దేవుడు చూసుకుంటాడు. లంబకోణ త్రిభుజంలో అన్నిటికంటే పొడుగాటి భుజానికి కర్ణం అని, అంటే చెవి అని, పేరెందుకు పెట్టారన్న సందేహం మాత్రం బడిలో ఉన్నప్పటినుంచీ మోస్తున్నాను. ఆనాడు లెక్కల మాస్టారిని అడిగితే "రేపు చెప్తాను" అన్నారు. (ఆ రేపు ఏ రోజో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. పెద్దలంటే గౌరవం ఉండేది.)

ఇప్పుడా త్రిభుజాన్ని ఎవరూ నేర్పరు. పిల్లలే కనిపెట్టాలని స్వయం ఆవిష్కరణ మండలి శాసించింది. పద్ధతి సులువు. కంప్యూటర్ తెర మీద ఒక తాబేలు ఉంటుంది. మూడడుగులు నడిచి, లంబకోణంలో తిరిగి, నాలుగడుగులు నడవమని దానికి కోడ్ రాయాలి. అక్కణ్నుంచి బయల్దేరిన చోటికి తిన్నగా ఎన్ని అడుగులో తెలియక పదేపదే లెక్క తప్పాలి. తప్పగా తప్పగా అంకెల్లో ఒక ప్యాటర్న్ కనబడాలి. అప్పుడు "ఆహా" అనే మీట నొక్కాలి.

మా అమ్మాయి మొదటిసారే ఐదు అని రాసింది. తాబేలు ఇల్లు చేరింది. తెర ఎర్రబడింది.

"ముందస్తు జ్ఞానం పట్టుబడినది. కోర్సు నిలిపివేయడమైనది."

ఆకుపచ్చ టిక్కు పడకపోతే పై తరగతికి పంపరు. పిల్ల ఏడుపు మొహం పెట్టింది.

"ఎవరు చెప్పారే నీకు?"

"అమ్మ."

మా ఆవిడ వంటగదిలోంచి తొంగిచూసింది. "అడిగింది, చెప్పాను. చిన్న భుజాల వర్గాలు రెండూ కలిపితే పెద్ద భుజం వర్గం అవుతుందని. దొంగసొత్తు ఇచ్చినట్టు అలా చూస్తారేంటి?"

నిబంధనల్లో ఒక దారి ఉంది. ఇంటిపెద్దకు ఏమీ తెలియదని ధ్రువపత్రం తెస్తే, పిల్ల ఊహించి రాసిందని సరిపెట్టుకుంటారు.

"మీరు వెళ్లండి," అంది మా ఆవిడ. "మిమ్మల్ని చూస్తే ఎవరైనా నమ్ముతారు."

(మా వీధి చివర మరపు ట్యూషన్లు కూడా మొదలయ్యాయి. తెలిసిన పిల్లలను చేర్చుకుని నెల తిరక్కుండా మరిపిస్తారు. పాత ట్యూషన్ సెంటరే; బోర్డు ఒక్కటే మార్చారు.)

అజ్ఞాన నిర్ధారణ విభాగం ముందు క్యూ మెట్లు దిగి రోడ్డు మీదికొచ్చింది. నా వెనకాయన నెమ్మదిగా అడిగాడు.

"మీకేమైనా తెలుసాండీ?"

"ఏమీ తెలియదండీ."

"అదృష్టవంతులు. నేను ఇంజినీర్ని. రెండుసార్లు తిప్పి పంపారు."

లోపల గుమాస్తా పక్కన సలహాదారు కుర్చీలో మా లెక్కల మాస్టారు! రిటైరయ్యాక మళ్లీ పిలిచారట.

"ఒరేయ్, నువ్వా! వీడికేం తెలీదండీ గుమాస్తాగారూ, నాది పూచీ. ఇటివ్వండి, సంతకం పెట్టేస్తాను."

"పద్ధతి ప్రకారం అడగాలి సార్."

"సరే. కర్ణం అంటే ఏంట్రా?"

"చెవి అండీ."

గుమాస్తా మొహం వెలిగింది. మాస్టారు కలం మూత తీశారు. నేను అక్కడితో ఊరుకోవలసింది.

"చెవి అని ఎందుకన్నారు మాస్టారూ?"

"రేపు చెప్తాను."

గుమాస్తా ఆ మాట కూడా టైపు చేశాడు. కంప్యూటర్ ఎర్రబడింది. ప్యాటర్న్‌లు పట్టుకోవడమే దాని పని. రేపు చెప్తాననే వాళ్లకు తెలియదని అది ఎప్పుడో కనిపెట్టిందట. ఆ సంగతి దాచినందుకు మాస్టారి సంతకం చెల్లదంది. తెలిసినవాళ్లెవరైనా వచ్చి ఆయన్ని పరీక్షించాలంది.

"తెలిసినవాళ్లను ఎక్కణ్నుంచి తేవాలండీ?" అన్నాను.

గుమాస్తా వెతికాడు. "తెలుసని మా రికార్డులో ఒక్కరే ఉన్నారు. మీ అమ్మాయి. మిగతావాళ్లంతా, మీ వెనకాల ఇంజినీరుతో సహా, ధ్రువపత్రాలు తీసేసుకున్నారు."

బడి వదలగానే పిల్ల సంచీ తగిలించుకుని వచ్చి మాస్టారి ఎదుట కూర్చుంది. కాళ్లు నేలకు సరిగా అందలేదు.

"కర్ణాన్ని చెవి అని ఎందుకన్నారు తాతగారూ? మా నాన్న ఎప్పుడూ ఇదే గొడవ."

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నావైపు తిరిగారు.

"తెలీదురా. అప్పుడూ తెలీదు. ఆ మాట ఆ రోజే అనేస్తే పోయేది."

రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను. ఇన్నేళ్ల బాకీ ముట్టింది.

తెలియదని ఒప్పేసుకోవడంతో మాస్టారి సంతకానికి మళ్లీ విలువొచ్చింది. ఆయనకు తెలియదని మా అమ్మాయి, నాకు తెలియదని ఆయన, మా అమ్మాయికి తెలియదని నేను సంతకాలు చేశాం. తెలిసిన మనిషిగా సంతకం పెట్టిన పిల్ల, తెలియని పిల్లగా పై తరగతికి వెళ్లింది.