చుక్క లేని బోల్టు

నర్సరీ యజమాని ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరున్నరకు బండి తుడవడం, ఏడింటికి ట్రాలీ తగిలించడం, పదిన్నరకల్లా నూట ఇరవై పూలకుండీలు గుట్ట మీది ఆసుపత్రికి చేర్చడం. పదకొండింటికి అక్కడ కొత్త వార్డు తెరుస్తున్నారు. కుండీలు వేళకు వరండాలో ఉంటే ఏడాది పొడవునా ఆసుపత్రి తోట పని వీళ్లది. లేకపోతే ఎదుటి నర్సరీ వాళ్లది. ఈ మాట ఆసుపత్రి మేనేజరు యజమాని భార్యకు మూడుసార్లు చెప్పాడు. ఆవిడ ఆయనకు ముప్పైసార్లు చెప్పింది.

గుట్ట దారిలో లారీ పట్టదు. అందుకే ఎనిమిది నెలల కిందట ఆయన చైనాలో తయారైన నాలుగు చక్రాల బండి కొన్నాడు. మోటారు సైకిలు హ్యాండిలు, ట్రాక్టరు టైర్లకు తమ్ముళ్లలాంటి టైర్లు, ముందూ వెనకా సామాను కట్టుకునే ఇనుప చట్రాలు. పేరున్న కంపెనీ బండి ధరలో మూడో వంతుకే వచ్చింది. దాంతోపాటు ఒక పుస్తకం వచ్చింది. ఏ యంత్రం చేత తెలుగు చేయించారో గాని, మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో "సవారీకి ముందు ప్రతి బోల్టును అనుమానించవలెను" అని ఉంది.

ఆయన ఆ వాక్యాన్ని గట్టిగా పట్టుకున్నాడు. ప్రతి మొక్కకూ చీటీ కట్టే అలవాటున్న మనిషి. బండిలో చేతికందిన ప్రతి బోల్టుకూ పసుపు రంగు చుక్క పెట్టి, పక్కన అంకె వేశాడు. మొత్తం నూట ఎనభై నాలుగు. రోజూ పొద్దున్నే స్పానరు పట్టుకుని ఒక్కొక్కటీ బిగించేవాడు. భార్యకు జ్వరం వచ్చి తగ్గిన సంగతి ఆయనకు తెలియలేదు గాని, అరవై రెండో బోల్టు రోజూ పావు చుట్టు వదులవుతుందని మాత్రం తెలుసు.

ఆ ఉదయం బండి కింద ఒక బోల్టు పడి ఉంది. కొత్తది, వేలెడంత పొడవు. చుక్క లేదు.

చుక్క లేకపోతే అది ఈ బండిది కాదని ఎవరికైనా తడుతుంది. ఆయనకు ఇంకొకటి తట్టింది. బయటి బోల్టులన్నిటికీ చుక్కలున్నాయి. దీనికి లేదు. కాబట్టి ఇది లోపలిది.

"ఏమండీ, బండి తీస్తున్నారా?" అని భార్య గేటు దగ్గర్నుంచి కేకేసింది.

"లోపల్నుంచి బోల్టు రాలిందే!"

"రాలితే రాలింది. బండి నడుస్తుందా, లేదా?"

"నడుస్తుంది. అదే నా భయం. గుట్ట సగంలో ఇంజను ఊడిపడితే?"

"అయితే తొందరగా తగిలించి రండి. కుండీలు గేటు బయట పెట్టిస్తున్నాను."

కుండీలు ఎక్కించడానికి వచ్చిన బావమరిది ఈ మాట విన్నాడు. అతను ఇళ్ల నీటి మీటర్లు చూసి అంకెలు రాసుకునే ఉద్యోగి. దేన్నయినా వంగి చూడటం అలవాటు. బండి కిందికి వంగి చూశాడు. ఏమీ కనిపించలేదు. కనిపించకపోవడం అతన్ని మరింత భయపెట్టింది.

"బావా, ఒకటి రాలిందంటే లోపల ఇంకెన్ని వదులయ్యాయో!"

"నేనూ అదే అనుకుంటున్నాను."

"ముట్టుకోకు. నేను మనిషిని పిలుస్తాను."

పిలిచింది నీటి పంపుల మెకానిక్‌ను. ఫోనులో చెప్పింది మాత్రం ఇంజను విడిపోయిందని. మెకానిక్ బరువులెత్తే గొలుసు కప్పీతో సహా పరుగున వచ్చాడు. వచ్చీ రాగానే బండి కింద దూరి ఇంజను ఆయిలంతా బకెట్లోకి దించేశాడు.

"ఆయిలెందుకు తీశావయ్యా?" అన్నాడు యజమాని, బకెట్టు వంక చూస్తూ.

"విడిపోయిన ఇంజన్లో ఆయిలుంచుతారా సార్?"

"విడిపోలేదు. విడిపోతుందేమో అని అనుమానం."

"అయితే విప్పి చూద్దాం. విప్పాక ఎలాగూ విడిపోయినట్టే."

ఇందులో తప్పేమిటో ముగ్గురిలో ఎవరికీ తోచలేదు. సీటు తీశారు. ప్లాస్టిక్ రెక్కలు తీశారు. చుక్క లేని బోల్టును దొరికిన ప్రతి రంధ్రంలోనూ పెట్టి చూశారు. అది నాలుగుచోట్ల చక్కగా పట్టింది. ఆ నాలుగుచోట్లా ముందే బోల్టులున్నాయి.

"ఇక్కడ భలే సరిపోయింది సార్. ఇదే దీని చోటు," అన్నాడు మెకానిక్.

"మరి అక్కడున్నదాన్ని ఏం చేస్తావు?"

"అది వేరే చోటిదై ఉంటుంది."

"దాని మీద ముప్పై ఒకటని అంకె ఉందయ్యా! ముప్పై ఒకటి అక్కడిదే. నేనే రాశాను."

"మీరు రాసేనాటికే అది తప్పు చోట ఉందేమో బావా," అన్నాడు బావమరిది.

యజమాని ముఖం పాలిపోయింది. ఎనిమిది నెలలుగా తను తప్పు బోల్టులను తప్పు చోట్ల భక్తిగా బిగిస్తున్నాడేమో! ఈ ఆలోచన ఒకసారి వచ్చాక ఇక ఆపేదేముంది. ముప్పై ఒకటి అసలు చోటు వెతకడానికి డెబ్బై ఆరు తీశారు. డెబ్బై ఆరు కోసం క్లచ్ మూత తీశారు. ఎనిమిదిన్నరకు భార్య షెడ్డు గుమ్మంలోకి వచ్చింది. నేల మీద పాత దుప్పటి పరిచి, చక్రాలు లేని బండి చుట్టూ ముగ్గురు మగవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నారు. ఆవిడ వచ్చిన దారినే వెళ్లిపోయింది.

"అక్క ఏమీ అనలేదేంటి?"

"పని జరుగుతోందని అర్థమైంది," అన్నాడు యజమాని.

తొమ్మిదింటికి బావమరిది మళ్లీ వంగాడు. ఈసారి కనిపించింది. షెడ్డు పక్కన తడిమట్టిలో చెప్పు గుర్తు. నిన్న సాయంత్రం నీళ్లు పెట్టాక పడింది. మడమ దగ్గర మూడు మేకుల అచ్చు.

"మనలో ఎవరికీ మేకుల చెప్పుల్లేవు బావా."

"ఎదుటి నర్సరీ మీసాలాయనకున్నాయి," అన్నాడు మెకానిక్. "పోయిన వారం పంపు బాగు చేయడానికి వెళ్తే గుమ్మంలో చూశాను."

ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అంతా తేటతెల్లమైపోయింది. ఆసుపత్రి పని కొట్టేయడానికి ఎదుటి నర్సరీ మీసాలాయన దొంగచాటుగా వచ్చి బండి వదులు చేశాడు. ఒక బోల్టు వదులు చేసినవాడు ఒకదానితో ఊరుకుంటాడా? మిగిలినవన్నీ కూడా చూడాల్సిందే. అలా వెనక ఇరుసు కూడా దుప్పటి మీదికి వచ్చింది. పైగా ఆయన చూసి సంతోషించకూడదని మొక్కలకు నీడ కోసం కట్టే పచ్చ వలను షెడ్డుకు అడ్డంగా దించారు. దాంతో షెడ్డులోంచి గేటు కనిపించడం మానేసింది.

పదకొండు కావస్తుండగా వల కదిలింది. మీసాలు ముందు వచ్చాయి, మనిషి తర్వాత.

"అన్నా, ఇక్కడేమైనా ఒక బోల్టు..."

బావమరిది లేచి చెయ్యి పట్టేసుకున్నాడు. "దొరికావు! మా బండి వదులు చేస్తావా?"

"నేనెందుకు చేస్తానయ్యా! చూసిపోదామని వచ్చాను."

"చూడటానికి బండి కింద దూరాలా?"

మీసాలాయన దుప్పటి మీద పరిచిన సామానంతా ఒక్కసారి చూశాడు. అతని గొంతు మెత్తబడింది. "నాదీ ఇలాగే ఉందన్నా."

"ఏది?"

"బండి. నేనూ ఇదే కొన్నాను. మీ దాన్ని చూసే కొన్నాను. మీకు తెలిస్తే నవ్వుతారని వెనక కొట్టంలో దాచాను. బండి కింద ఈ బోల్టు దొరికింది. ఎక్కడిదో తేల్చుకుందామని విప్పాను. పదకొండు రోజులైంది. నిన్న సాయంత్రం మీ బండికి ఇది ఎక్కడుందో చూసిపోదామని పట్టుకొచ్చాను. ఎవరో వస్తున్న చప్పుడైంది. చేజారింది. పరుగెత్తాను."

"అంటే ఇది నీదా?" యజమాని గొంతు కీచుమంది.

"నాదే. చోటు మాత్రం దొరకలేదు."

ఇక్కడ ఇద్దరూ కొట్టుకోవాలి. కొట్టుకోలేదు. యజమాని బోల్టును వెలుతురులో పట్టుకుని, "క్లచ్ మూత వెనక చూశావా?" అని అడిగాడు.

"రెండుసార్లు. గేరు పెట్టె అడుగున?"

"ఇంకా విప్పలేదు."

"విప్పండి, చూద్దాం," అని మీసాలాయన దుప్పటి అంచు మీద కూర్చున్నాడు. నలుగురూ తలలు దగ్గరకు చేర్చారు. అంతలో గుట్ట మీది నుంచి మైకు చప్పుడు, చప్పట్లు వినబడ్డాయి. యజమాని చేతిలోంచి స్పానరు జారింది.

"కుండీలు!"

వల తోసుకుని అందరూ గేటు దగ్గరికి పరుగెత్తారు. గేటు బయట ఒక్క కుండీ లేదు. నూట ఇరవై గుండ్రటి తడి గుర్తులు, ఆరిపోతూ ఉన్నాయి.

"నన్నిక్కడ కూర్చోబెట్టి మీ ఆవిడ చేత ఎత్తించావు కదూ!" అన్నాడు యజమాని.

"మా ఆవిడ నాతో మాట్లాడి పదకొండు రోజులైంది," అన్నాడు మీసాలాయన.

గుట్ట దారిలో రెండు ఖాళీ తోపుడు బళ్లు దిగుతూ కనిపించాయి. ఒకటి యజమాని భార్య తోస్తోంది. రెండోది మీసాలాయన భార్య. వెనక రెండు నర్సరీల్లోని పనివాళ్లూ నవ్వుకుంటూ వస్తున్నారు.

"తోపుడు బండి అడుగుదామని వీళ్లింటికి వెళ్లాను," అంది యజమాని భార్య, చెమట తుడుచుకుంటూ. "వాళ్ల కొట్టంలోనూ ఇదే దుప్పటి, ఇవే ముక్కలు. ఇక మాట్లాడుకోవడానికేముంది? ఇద్దరం కలిసి ఎక్కించేశాం. మేనేజరు సంవత్సరం పని ఇచ్చాడు. కాగితం మా ఇద్దరి పేరునే."

"నా పేరు?"

"అడిగాడు. పనిలో ఉన్నారని చెప్పాను."

యజమానికి ఆ మాట ఎక్కలేదు. గుప్పిట తెరిచి బోల్టు చూపించాడు. "ఇది ఎక్కడిదో తేలితే ఈపాటికి..."

ఆవిడ దాన్ని అర నిమిషం కూడా చూడలేదు. "ఇది బండి వచ్చిన పెట్టెది. దారిలో కదలకుండా బండిని పెట్టె అడుగుకి ఇలాంటివాటితోనే బిగించి పంపారు. మన పెట్టె విప్పింది నేనే కదా. ఇలాంటివి నాలుగొచ్చాయి. పాత ఇనుము వాడికి పడేశాను."

"మరి పొద్దున్నే చెప్పొచ్చు కదే!"

"పొద్దున మీరు రాలిందని చెప్పారు. చూపించలేదు."

నెల తిరిగేసరికి రెండు బండ్ల ముక్కలూ కలిపి మగవాళ్లు ఒక బండిని నిలబెట్టారు. అది వెనక్కి మాత్రం బ్రహ్మాండంగా పోతుంది.