బయటికి రాని జెట్

ఆ రోజు ఉదయం స్టెల్లా అనుకున్నది చిన్న పనే. పది గంటలకు వీడియో కాల్‌లో గైడు శ్యామ్ సుందర్ గారికి తన జెట్ చూపించాలి. ఆయన మెచ్చుకుంటే విని, ఏలూరు బజారుకెళ్ళి చెప్పులు కొనుక్కోవాలి.

రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొని ఒకటైపోయాక, చుట్టూ చెదిరిన శిథిలాలను చీల్చుకుని దాదాపు కాంతి వేగంతో ఒక ధార ఎగజిమ్ముతుంది. అదే జెట్. గూడెం కాలేజీలో పరిశోధన చేస్తున్న స్టెల్లా దాన్ని కంప్యూటర్లో పుట్టించే పనిలో ఉంది. పన్నెండు రోజులు లెక్క నడిపి, తెల్లారి చూసుకుంటే జెట్ శిథిలాల్లోనే ఊపిరాడక ఆగిపోయి ఉంది. ఇలా కావడం మూడోసారి. ఆ మాట గైడుకు చెప్పడానికి మొహం చెల్లలేదు. శిథిలాలు బాగా తగ్గించి సరదాకి చేసిన పాత వీడియో ఒకటుంది. అందులో జెట్ ఝామ్మని దూసుకుపోతుంది. దానికే పేరు మార్చి సిద్ధంగా పెట్టుకుంది.

అప్పటికే హాల్లో వాళ్ళ నాన్న ఎలీయాజరు మాస్టారు, గణపవరంలో చేపల చెరువులున్న పాత శిష్యుడు బంగార్రాజుతో ఫోన్లో గొప్పలు పోతున్నారు.

"మా అమ్మాయి కొత్త జెట్ చేసిందయ్యా! ఎంత అడ్డమున్నా చీల్చుకుని ఎగజిమ్మేస్తుందట!"

బంగార్రాజు చెరువు మీది జెట్ మోటారు మూడు రోజులుగా నీళ్ళు తోడటం లేదు. అతను ఇంకేమీ అడగలేదు. మోటారును ట్రక్కు ఆటోలో వేసుకుని ఏలూరు బయల్దేరాడు.

పది దాటింది. వీడియో చూసి గైడు ముందుకు వంగారు. "అద్భుతమమ్మా! ఇంత సులువుగా ఎలా బయటపడింది?"

స్టెల్లా నోరు తెరిచేలోపే వెనక గుమ్మంలోంచి ఓ గొంతు ఉరిమింది.

"రావట్లేదండీ! లోపల తిరగడం తిరుగుతుంది గానీ జెట్ బయటికి రావట్లేదండీ! మూడుసార్లు చూశానండీ!"

"ఎవరమ్మా ఆయన?" అన్నారు గైడు.

ఎవరో స్టెల్లాకీ తెలియదు. ఎవరైతేనేం, అన్నీ తెలిసినవాడే అనుకుంది. ఆమె చెవులు వేడెక్కిపోయాయి.

"ఆయన చెప్పింది నిజమే సార్. జెట్ బయటికి రాలేదు. మీకు చూపించింది పాతది. పేరు మార్చి పెట్టాను."

"పాతదా? కొత్తదన్నారు కదండీ మాస్టారూ!" అన్నాడు గుమ్మంలోని బంగార్రాజు. అతని పక్కనే నిలబడ్డ మాస్టారు నేల చూపులు చూశారు.

"ఏదీ, ఆ రానిది చూపించు," అన్నారు గైడు. చూపించింది. ఆయన మళ్ళీ మళ్ళీ వేయించుకుని చూశారు.

"ఎంత శిథిలముంటే జెట్ ఆగిపోతుందో తేలింది కదమ్మా! ఇదే అసలు ఫలితం. మంచిది దాచేసి, పనికిరానిది చూపించావు."

తిట్టినా ఆమెకు అంత సిగ్గు వేసేది కాదు.

"వ్యాసం రాద్దాం. కానీ పేరు మార్చిన సంగతి సోమవారం మీటింగులో అందరి ముందూ నువ్వే చెప్పాలి."

"చెప్తాను సార్," అంది, తల ఎత్తకుండానే.

ఆనక మెకానిక్ మోటారు విప్పితే లోపల ఒక బొమ్మిడాయి చేప అడ్డంపడి ఉంది. దాని మీద మాత్రం ఎవరూ వ్యాసం రాయలేదు.