ఎడమవైపు ఇండికేటర్

ఆ ఉదయం డ్రాయింగు మాస్టారు పెద్ద పనులేమీ పెట్టుకోలేదు. పాత కారుకి ఎడమవైపు ఇండికేటర్ వెలిగించాలి, భార్య అక్కగారిని రైలెక్కించాలి, ఇంటికొచ్చి కాళ్లు చాపుకోవాలి. వదినగారు వచ్చి నెల దాటింది. ఆయన పడక్కుర్చీ ఆవిడ స్వాధీనమై కూడా అంతే అయింది.

కారు వయసులో ఆయనకన్నా పెద్దది. బల్బు మార్చారు, వెలగలేదు. ఎర్తు వైరు బిగించినచోట తుప్పు గీకారు, అయినా వెలగలేదు. లోపం స్విచ్చిలోనే ఉందనుకుని, ఉసూరుమంటూ స్టీరింగు కింద మూత విప్పారు. పిల్లలకి రంగుల తేడాలు నేర్పే మనిషికి అక్కడ వైర్లన్నీ ఒకే మట్టిరంగులో కనిపించాయి. ఒకదాన్ని పట్టుకుని కాస్త లాగారో లేదో, దాని తొడుగు పొడిపొడిగా రాలిపోయి లోపలి రాగితీగ ఇనుముకి తగిలింది.

హారన్ వీధి దద్దరిల్లేలా మోగింది.

సర్దుతున్న బట్టలు చేతిలో ఉండగానే వదినగారు గుమ్మంలోకి వచ్చారు. "వస్తున్నాను కదా మరిదిగారూ! మెడపట్టి గెంటినట్టు ఆ మోతేంటి?"

"నేను కొట్టలేదు వదినగారూ, దానంతటదే మోగుతోంది," అంటూ ఆయన వైరుని పక్కకి లాగారు. మోత ఆగింది.

"పోనీలెండి, మనసులో పెట్టుకోను. నిజానికి ఇంకో వారం ఉందామనే అనుకున్నా..."

మాస్టారి చెయ్యి జారింది. హారన్ మళ్లీ మోగింది.

ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఎదురింటాయన గేటు దాకా వచ్చి, "పెద్దావిడని అలా తరమడం ఏం బాలేదండీ," అన్నాడు. భార్య పరుగున వచ్చి కారు కిటికీలో తలపెట్టింది. "ఉండమని ఒక్క మాటనండి. లేకపోతే మా అక్క మళ్లీ ఈ గడప తొక్కదు!"

ఆ మాటకి ఆయనకి ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. భార్య మొహం చూశాక ఆ సంబరం చల్లారిపోయింది. వైరుని రెండు వేళ్లతో ఇనుముకి దూరంగా పట్టుకుని, స్టీరింగు కింద నుంచే, "వారమేంటి వదినగారూ, నెల ఉండండి," అన్నారు నీరసంగా.

పెట్టెలో సర్దిన బట్టలు తిరిగి అలమారలోకెళ్లాయి. మాస్టారు బ్యాటరీ వైరు ఊడదీసి, మెట్టుమీద కూలబడ్డారు.

కాసేపటికి వదినగారు ఫోను పట్టుకొచ్చారు. "కారు వైరింగు గొడవంతా చెప్పి, నేను ఉండిపోతున్నానంటే మా ఆయన మీతో మాట్లాడాలంటున్నారు."

ఇక తోడల్లుడి చేత కూడా చివాట్లు తప్పవనుకుంటూ ఆయన ఫోను చెవిన పెట్టుకున్నారు. అవతలి గొంతు ముందు ఆవిడ పక్కన లేరని రూఢి చేసుకుంది. తర్వాత బాగా తగ్గింది.

"నీ మేలు మర్చిపోలేను తమ్ముడూ. పాత వైరింగు కదా, తొందరపడి బాగుచెయ్యకు."