ఖాళీ చేతుల నడక

ఆ పొద్దున సన్యాసమ్మ పెట్టుకున్న పని చాలా చిన్నది. హిందీవాళ్ళ ఊళ్ళో, సోనారి పేటలో, ఇంటి వెనక సందు దాటి, నది గట్టు మీదుగా మోదుగ చెట్ల దాకా నడిచి, పూలు చూసి, కాఫీ వేళకు తిరిగి రావాలి. కాపురానికొచ్చిన దగ్గర్నుంచి ఆ పూలను బజారుకెళ్ళే ఆటోలోంచే చూసింది. ఎప్పుడు నడిచినా ఎవరికో ఏదో తేవడానికే నడిచింది. నాలుగు రోజులు పోతే పూలు రాలిపోతాయి. అందుకని పాలగిన్నె, కూరల సంచీ ఏమీ పట్టుకోకుండా చేతులూపుకుంటూ బయలుదేరింది.

అదే ఆవిడ చేసిన నేరం. మగవాళ్ళు బూట్లు వేసుకుని తిరిగితే దాన్ని ఆరోగ్యం అంటారు. అరవై దాటిన సిక్కోలు ఆడది ఖాళీ చేతులతో తిరిగితే అలక అంటారు.

పక్కింటి గౌరీదేవి గేటు దగ్గరే ఆపింది. "ఏటొదినా, ఎక్కడికెల్తన్నావు?"

"ఎక్కడికీ నేదు. నడుత్తన్నాను."

"సంచీ ఏదీ?"

"నేదు."

"కోడలేటన్నాది?"

"ఏటీ అన్నేదు."

ఏమీ అనలేదంటే చాలా పెద్ద మాటే అని ఉంటుందని గౌరీదేవి తేల్చుకుంది. వెంటనే కోడలు రోహిణికి ఫోను కొట్టింది.

ఇంట్లో గొడవైతే తెలుగు ఆడవాళ్ళు ఊరి రైలెక్కుతారని సందు చివర ఆటో నడిపే సూరజ్‌కు అనుభవం. "మాజీ, స్టేషన్ ఛోడ్ దూఁ?" అంటూ స్టేషన్లో దింపడానికి సిద్ధమయ్యాడు.

"నహీ బాబూ, పైదల్."

నడిచే పోతానంటోంది, పాపం, పట్టుదల మనిషి అనుకుని సూరజ్ ఆటోను నెమ్మదిగా ఆవిడ వెనకాలే నడిపించాడు. గట్టు ఎక్కేసరికి రోహిణి స్కూటీ మీద ఏడుస్తూ వచ్చింది. వెనక సీటు మీద గౌరీదేవి ఉంది.

"అత్తా, ఎల్లిపోకు! ఆవకాయ జాడీ పిల్లి పగలగొట్టనేదు, నానే పగలగొట్టినాను!"

సన్యాసమ్మ నోరు తెరిచేలోగా కొడుకు హరిప్రసాద్ కబురందుకుని నైటు షిఫ్టు నుంచి యూనిఫారంతోనే వచ్చి పడ్డాడు. "అమ్మా, నీ కుట్టుమిషను రిపేర్లో నేదే. పాత సామాన్ల కబాడీవోడికి ఇచ్చీసినాను. ఛమించీ!"

గౌరీదేవికి కూడా మనసు ఆగలేదు. "ఒదినా, మీ మునక్కాయలు కోతులు కోయనేదు..."

ఆ కోతులను సన్యాసమ్మ సీజనంతా తిట్టిపోసింది.

"ఇంటికి రా అమ్మా," అన్నాడు హరిప్రసాద్.

"రాను. పువ్వులు సూసీ వరకూ రాను."

"పువ్వులేటే? కోపం పోనేదా?"

"ఒరే, బయల్దేరినప్పుడు నాకు కోపం నేదు. ఇప్పుడొచ్చినాది. ఎవులైనా నా ఎనకాల వచ్చినారో, సూడండి!"

ఎవరూ కదల్లేదు. సూరజ్ ఇంజను కూడా ఆపేశాడు.

సన్యాసమ్మ ఒంటరిగా గట్టు చివరిదాకా నడిచింది. మోదుగ చెట్లు ఆకన్నది లేకుండా ఎర్రగా విరగబూసి ఉన్నాయి. నది మీంచి చల్లటి గాలి వచ్చింది. ఆవిడకు ఎంత హాయిగా అనిపించిందంటే, ఆ కోతుల మీద కూడా జాలి కలిగింది. ఎవరి కోసమూ ఒక్క పువ్వు ఏరలేదు.

ఊరికే నడిచే ఆడదాన్ని అందరూ ఆపుతారనీ, అలిగినదాన్ని ఎవరూ ఆపరనీ ఆవిడకు ఆ చెట్ల కిందే అర్థమైంది. మర్నాటి నుంచి సన్యాసమ్మ రోజూ పొద్దున్నే అలుగుతోంది, కాఫీ వేళకు రాజీపడుతోంది. ఆదివారాలు రోహిణి కూడా అలుగుతోంది.